ఊళ్లో నేర్చిన పనిలో కొడుక్కి అందించవలసినది ఏది?

ప్రశ్న: నా వయసు 41. వ్యవసాయ కుటుంబంలో పుట్టి పెరిగాను. ఎనిమిదో ఏడు నుంచి, పదహారేళ్లకు చదువు కోసం ఇల్లు వదిలేదాకా, బడికి ముందూ బడి తరువాతా పొలంలోనో కొట్టంలోనో పని చేస్తూనే ఉన్నాను. పాలు పితకడం, దూడలను కట్టడం, కలుపు తీయడం, పనిముట్లు బాగుచేసుకోవడం అన్నీ వచ్చు. తమ్ముడికి పొలం పని మాత్రమే ఉండేది, నాకు పొలం పనీ ఇంటి పనీ రెండూ ఉండేవి. ఇప్పుడు ఒక కార్యాలయంలో ఇరవైమందికి పైఅధికారిని. పని దగ్గర నన్ను అందరూ నమ్ముతారు. కాని సెలవు రోజున గంటసేపు ఊరికే కూర్చోలేను, కూర్చుంటే ఏదో తప్పు చేస్తున్నట్టు ఉంటుంది. పన్నెండేళ్ల మా అబ్బాయికి ఒక ముడి సరిగా వేయడం రాదు, చెడిపోయిన వస్తువును విప్పి చూద్దామన్న ఆలోచనే రాదు. అది చూసి కోపంతో అరుస్తాను, తరువాత బాధపడతాను. పట్టణంలో పెరిగిన మా వారు ‘నీ బాల్యాన్ని పని మింగేసింది, ఆ కసి వాడి మీద తీర్చుకోకు’ అంటారు. నాకు దొరికింది మంచి పెంపకమా, లేక నేను బాల్యమే పోగొట్టుకున్నానా? నాకు వచ్చినదాంట్లో వాడికి ఇవ్వదగ్గది ఉంటే ఎలా ఇవ్వాలి? మా వాళ్లు పొలం అమ్మేసి పదేళ్లయింది, సెలవులకు పంపడానికి కూడా అక్కడ ఏమీ మిగల్లేదు. కొట్టంలోని ఒక పాత పలుపు తాడు మాత్రం తెచ్చి దాచుకున్నాను. దాన్ని అద్దాల చట్రంలో పెట్టి గోడకు తగిలించాలని నాకు ఉంది, పారేయాలని ఆయనకు ఉంది.

సమాధానం: మీ ఉత్తరం చదివాక మీ దంపతులిద్దరిలో ఎవరిది తప్పు అని తేల్చవలసిన అవసరం నాకు కనిపించలేదు. మీరు ‘ఊళ్లో పెరగడం’ అన్నప్పుడు మీ మనసులో ఉన్నది చేతికి పని రావడం. ఆయన అదే మాట విన్నప్పుడు ఆయనకు కనిపిస్తున్నది విశ్రాంతి ఎరగని ఒక చిన్న పిల్ల. ఇద్దరూ చూస్తున్నది ఒకే బాల్యాన్ని కాబట్టి అందులోని ఏ భాగం మీకు బలమైందో, ఏ భాగం బరువుగా మిగిలిందో విడదీసి చూస్తే మీ అబ్బాయి విషయం దానంతట అదే తేలికవుతుంది.

మీ జాబితాలో దూడలను కట్టడం అన్న మాట దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. నేనూ పన్నెండేళ్లు వచ్చేదాకా పశువుల మధ్య పెరిగినవాణ్నే. మొదటిసారి ఒక లేగదూడను కట్టమని నాకు అప్పగించిన రోజున, నాకు తెలిసిన ఒకే ఒక ముడి, జారుముడి, దాని మెడకు వేసి గుంజకు కట్టి వచ్చాను. తల్లి అరుపు విని దూడ అటు లాగినకొద్దీ ముడి బిగుసుకుపోయింది. మా తాత పరుగెత్తుకుంటూ వచ్చి కొడవలితో తాడు కోసేసి, దూడ ఊపిరి తీసుకునేదాకా దాని మెడ నిమురుతూ కూర్చున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. తరువాత తెగిన తాడు ముక్క నా చేతికిచ్చి, ఎంత లాగినా బిగుసుకోని ముడి ఎలా వేయాలో మూడుసార్లు వేసి చూపించి, నాలుగోసారి నన్ను వేయమన్నాడు. ఆ ముడి నాకు ఈ రోజుకీ వచ్చు. అంతకంటే ముఖ్యంగా, ఏ పని చేసినా వదిలి వెళ్లే ముందు ఒకసారి లాగి చూసే అలవాటు ఆ రోజున నాకు పట్టుకుంది. బడిలో లెక్క తప్పు చేస్తే ఎర్ర సిరాతో ఒక గీత పడేది, ఆ గీత గురించి ఆ సాయంత్రానికే మరిచిపోయేవాణ్ని. కొట్టంలో తప్పు చేస్తే ఆ తప్పుకు ఒక మెడ ఉండేది.

చేతులతో పనిచేస్తూ పెరగడంలో ఉన్న అసలు చదువు ఇదేనని నా అభిప్రాయం. వస్తువూ, మొక్కా, పశువూ మన మొహం చూసి మాట్లాడవు. ముడి నిలిచిందా లేదా అన్నది తెల్లవారేసరికి తెలిసిపోతుంది, దానికి మార్కులు వేసేవారు అక్కర్లేదు, మెచ్చుకునేవారూ అక్కర్లేదు. ఎండిన నేలలో కలుపు పీకితే కాడ తెగి చేతికొస్తుంది, వేరు లోపలే ఉండి మళ్లీ మొలుస్తుంది. వాన కురిసి నేల కాస్త ఆరిన మర్నాడు పీకితే వేరుతో సహా వస్తుంది. ఈ సంగతి వీపు నొప్పి పుట్టేదాకా తప్పు రోజున పీకిన పిల్లకు ఎవరూ రెండోసారి చెప్పనక్కర్లేదు. ఏ పనికైనా అదను ఉంటుందన్న జ్ఞానం ఆమెకు వేళ్ల చివర్ల ద్వారా వస్తుంది. పాతికేళ్ల తరువాత ఆమె ఒక కార్యాలయంలో కూర్చుని, అలసిపోయిన మనిషికి శుక్రవారం సాయంత్రం ఒక లోపం ఎత్తి చూపకుండా సోమవారం ఉదయందాకా ఆగినప్పుడు, అది ఎక్కడ నేర్చుకున్నదో ఆమెకే గుర్తుండకపోవచ్చు.

పాలు పితకడం మరీ విచిత్రమైన బడి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చన్ను పైభాగాన్ని మూసి, మిగతా వేళ్లను పైనుంచి కిందికి ఒకదాని తరువాత ఒకటిగా బిగించాలి. తెలియనివారు లాగుతారు, లాగితే పశువు తంతుంది. పట్టు తెలిసినా సరే, పశువు చేపుకు రాకపోతే పొదుగు నిండా పాలున్నా చుక్క రాలదు. చేపు రావడానికి కారణం పశువు మెదడునుంచి విడుదలయ్యే ఆక్సిటోసిన్ అనే హార్మోను. బెదిరిన పశువు ఒంట్లో అడ్రినలిన్ పెరిగి ఆ పనికి అడ్డుపడుతుంది. అంటే, విసుగ్గా, తొందరగా, ఇంట్లో ఎవరిమీదో కోపంతో వచ్చి కూర్చున్న పిల్లకు పాలు రావు. ముందు తన ఊపిరిని తాను నెమ్మది చేసుకుని, పశువు పక్కన చెయ్యి వేసి, అది నమ్మేదాకా ఆగాలి. మీ కింద పనిచేసే ఇరవైమంది మిమ్మల్ని ఎందుకు నమ్ముతారో మీరు ఉత్తరంలో రాయలేదు. నా ఊహ అడిగితే, దానికి కారణం మీ పట్టాలో కంటే ఆ కొట్టంలోనే వెతుకుతాను.

ఇదంతా ఊరి మీద బెంగతో చెప్పే మాటలని మీ వారు అనవచ్చు, అనుమానించడం న్యాయమే. అందుకని కొంత పరిశీలనలో తేలిన సంగతులు కూడా చెబుతాను. 38 దేశాలకు చెందిన 3,97,162 మంది ఆడిన ఒక ఫోను ఆట ఆధారంగా, మనుషులు దారి ఎలా కనుక్కుంటారో పరిశోధకులు లెక్కగట్టి 2022లో ‘నేచర్’ పత్రికలో ప్రచురించారు. నగరాల బయట పెరిగినవారు సగటున దారి కనుక్కోవడంలో మెరుగ్గా ఉన్నారు, పెద్దయ్యాక వారు ఎక్కడ నివసిస్తున్నారన్నదానికంటే ఎక్కడ పెరిగారన్నదే ఎక్కువ లెక్కకు వచ్చింది. అయితే అందులోనే ఇంకో సంగతి ఉంది. గళ్ల గళ్లుగా వీధులు వేసిన నగరాల్లో పెరిగినవారు గళ్లలాంటి దారుల్లో బాగా ఆడారు. అంటే ఊరు మంచిది, నగరం చెడ్డది అని కాదు. చిన్నతనంలో మన కాళ్లకు ఏ లెక్క తగిలిందో ఆ లెక్క మెదడులో నిలుస్తుంది. వంకర గట్ల మీద, గుర్తులు లేని చేలలో తిరిగిన పిల్లకు కష్టమైన లెక్కలు ఎక్కువగా తగిలాయి, అంతే.

చేతుల విషయానికి వస్తే, లండన్ ఇంపీరియల్ కాలేజీలో శస్త్రచికిత్స విద్యను బోధించే ఆచార్యుడు రోజర్ నీబోన్ 2018లో బహిరంగంగా ఒక ఆందోళన వ్యక్తం చేశారు. మంచి మార్కులతో వచ్చిన విద్యార్థులకు కత్తిరించడం, కుట్టడం వంటి చేతిపనుల్లో ఉండవలసిన నేర్పు ఉండటం లేదని ఆయన అన్నారు. ఆయన మాట్లాడింది పల్లె పిల్లల గురించి కాదు, చేతులతో ఏదో ఒకటి చేసే అలవాటే తగ్గిపోయిన తరం గురించి. గుడ్డ ఎంత లాగితే చిరుగుతుందో, దారం ఎంత బిగిస్తే తెగుతుందో తెర మీద చూసినవారికి తెలియదు. అది చేతికే తెలుస్తుంది.

ఇక మీ వారి పక్షానికి వస్తాను, ఎందుకంటే ఆయన మాటలో నిజం ఉంది, మీ ఉత్తరం అంతటా ఆ నిజం దాక్కుని ఉంది. పని పిల్లలను తీర్చిదిద్దుతుందని చెప్పేవారు సాధారణంగా గెలిచినవారి కథలే చెబుతారు. 1921లో అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో ఫైలో ఫార్న్స్‌వర్త్ అనే పద్నాలుగేళ్ల కుర్రవాడు పొలం దున్నుతూ, ఒకదాని పక్కన ఒకటిగా సాగుతున్న చాళ్లను చూసి, చిత్రాన్ని కూడా ఇలాగే వరుస వరుసగా గీతలుగా విడగొట్టి విద్యుత్తు ద్వారా పంపవచ్చునని ఊహించాడని చెబుతారు. 1927లో అతడు ఆ పని చేసి చూపించాడు కూడా. టెలివిజన్ చరిత్రలో అది అందమైన ఘట్టం. కాని అదే వయసులో అదే విధంగా దున్నుతూ, ఆ చాళ్లలోనే చదువు వదిలేసిన పిల్లలు ఎందరో, వారి గురించి ఎవరూ రాయరు. అంతర్జాతీయ కార్మిక సంస్థ, యునిసెఫ్ కలిసి వేసిన అంచనా ప్రకారం 2024లో ప్రపంచంలో దాదాపు 13.8 కోట్ల మంది పిల్లలు బాలకార్మికులుగా ఉన్నారు, వారిలో 61 శాతం మంది చేస్తున్నది వ్యవసాయ పనే. మందులు చల్లిన చేలలో, మోయలేని బరువుల కింద, బడి మానేసి చేసే ఆ పనికి ఎంత మట్టి వాసన ఉన్నా దాన్ని పెంపకం అనకూడదు.

హద్దు ఎక్కడ అంటే, అదే కార్మిక సంస్థ 1973లో చేసిన 138వ ఒడంబడికలో ఉన్న కొలత నాకు సరైనదనిపిస్తుంది. పదమూడు నుంచి పదిహేనేళ్ల పిల్లలకు తేలికపాటి పనిని అది అనుమతిస్తుంది. ఆ పని ఆరోగ్యానికీ ఎదుగుదలకూ చెరుపు చేయకూడదు, బడికీ నేర్చుకున్నది వంటబట్టించుకోవడానికీ అడ్డు రాకూడదు. మీరు ఎనిమిదేళ్లకే మొదలుపెట్టారు. ఇంటివాళ్ల మధ్య, బడి మానకుండా చేశారు కాబట్టి మీది ఆ కోట్లమంది కథ కాదు. అయినా బడికి ముందు కొట్టం, బడి తరువాత చేను, ఆ తరువాత ఇంటి పని అంటే, మధ్యలో ఆడుకున్నది ఎప్పుడో మీరే చెప్పాలి. ఉత్తరంలో ఆట అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు. మీ వారికి మీరు చెప్పే కథల్లోనూ అది వినబడి ఉండదు, ఆయన బాధ అదే కావచ్చు.

తమ్ముడి సంగతి ఒక వాక్యంలో రాసి దాటేశారు. నేను దాటలేకపోతున్నాను. కెన్యాలోని లువో సమాజంలో కారల్ ఎంబర్ అనే మానవశాస్త్రవేత్త పరిశీలించి 1973లో ప్రచురించిన విషయం ఒకటి ఉంది. అక్కడ కొన్ని ఇళ్లలో తగిన వయసు ఆడపిల్ల లేకపోవడంతో, సాధారణంగా అమ్మాయిలకు అప్పగించే ఇంటి పనులు అబ్బాయిలకు అప్పగించారు. ఇంట్లో ఉండి చేసే అలాంటి పనులు ఎక్కువగా చేసిన అబ్బాయిల్లో మిగతా అబ్బాయిలకంటే జగడం, పెత్తనం తక్కువగా కనిపించాయి. ఆడపిల్లలు పుట్టుకతోనే ఓర్పు గలవారు అనే మాట ఎంత తేలికైన అబద్ధమో దీన్ని బట్టి తెలుస్తుంది. పనే మనిషిని మలుస్తుంది, ఎవరికి ఏ పని ఇచ్చారో వారు అలా తయారవుతారు. మీ ఇంట్లో ఇద్దరు పిల్లలకు రెండు రకాల బాల్యాలు ఇచ్చారు. అందులో మీ వాటా పెద్దదైంది, మీ తమ్ముడిది తక్కువైంది. ఆ తక్కువ వల్ల అతడు కోల్పోయింది కూడా ఉంది. మీ కోపంలో కొంత భాగం మీ అబ్బాయి చేతకానితనం మీద కాక, ఇంటి పని అంటకుండా పెరిగిన ఇంకో అబ్బాయి మీద, అంటే మీ తమ్ముడి మీద, ఉందేమో ఒకసారి చూసుకోండి. నేను ఇక్కడ తప్పుగా ఊహిస్తూ ఉంటే క్షమించండి. కాని పన్నెండేళ్ల పిల్లవాడు ముడి వేయలేకపోతే చిరాకు పడటం సహజం, అరిచేంత కోపం రావడానికి మాత్రం ఆ ముడి చాలదు.

సెలవు రోజున కూర్చోలేకపోవడం గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దాన్ని మీరు క్రమశిక్షణ అనుకుంటూ ఉండవచ్చు, మీ వారు జబ్బు అనుకుంటూ ఉండవచ్చు, నాకు మాత్రం అది సగం మాత్రమే వెంట తెచ్చుకున్న ఒక అలవాటులా కనిపిస్తోంది. కొట్టంలో పని వద్దన్నా ఆగేది కాదు, నిజమే. పశువుకు సెలవు ఉండదు, పితక్కపోతే పొదుగు వాస్తుంది, నీళ్లు పెట్టకపోతే అరుస్తుంది. కాని ఆ పనికి ఆగే చోట్లు కూడా ఉండేవి, వాటిని మీరు పెట్టలేదు కాబట్టి మీకు గుర్తుండవు. చీకటి పడితే చేను వదలాల్సిందే. వాన పడితే చూరు కింద నిలబడి చూడటం తప్ప చేసేది లేదు. ఎండ నడినెత్తికి వస్తే మనిషీ పశువూ నీడకు చేరవలసిందే. విత్తిన తరువాత మొలక వచ్చేదాకా ఎవరూ దాన్ని తొందరపెట్టలేరు. ఇప్పుడు మీరు చేస్తున్న ఉద్యోగంలో చీకటి పడదు, వాన అడ్డు రాదు, ఫోను రాత్రి పదకొండు గంటలకూ మోగుతుంది. ఊరి నుంచి మీరు పని మొదలుపెట్టే వేగం తెచ్చుకున్నారు, దాన్ని ఆపే సాయంకాలం అక్కడే ఉండిపోయింది.

దీనితోపాటు ఒళ్లు చెప్పే సంగతి కూడా ఉంది. జర్మనీలో జరిగిన ఒక చిన్న పరిశోధన ఫలితాలు 2018లో వెలువడ్డాయి. పశువులున్న పొలాల్లో పెరిగిన ఇరవైమంది మగవారికీ, పెంపుడు జంతువులు కూడా లేకుండా నగరంలో పెరిగిన ఇరవైమందికీ, అపరిచితుల ముందు నిలబడి మాట్లాడే, లెక్కలు చేసే ఒక పరీక్ష పెట్టారు. ఒత్తిడి వల్ల ఒంట్లో రేగే వాపు లక్షణాలు పొలాల్లో పెరిగినవారిలో తక్కువగా ఉన్నాయి, కాని తమకు కలిగిన ఒత్తిడి ఎక్కువని చెప్పింది కూడా వారే. నలభైమందిని చూసి లోకం గురించి తీర్పు చెప్పలేం. అయినా దిటవైన ఒళ్లూ కుదురులేని మనసూ ఒకే మనిషిలో ఉండవచ్చునన్న సంగతి మీకు ఊరటనివ్వాలి. అందరూ మిమ్మల్ని ధైర్యవంతురాలు అంటూ ఉంటే, లోపల గాభరాగా ఉన్నదని చెప్పుకునే చోటు మీకు దొరికి ఉండదు.

కాబట్టి మీకు ‘విశ్రాంతి తీసుకోండి’ అని చెప్పను, ఆ మాట మీకు ఇప్పటికే చాలామంది చెప్పి ఉంటారు. దానికి బదులు పోయిన సాయంకాలాన్ని మీరే పెట్టుకోండి. రోజుకు ఒక వేళ నిర్ణయించి, ఆ వేళ దాటితే కార్యాలయం పనీ ఇంటి పనీ రెండూ చీకటిలో ఉన్న చేనుతో సమానమని అనుకోండి. సెలవు రోజున మొదట గంట కాదు, ఇరవై నిమిషాలు కూర్చోండి. తప్పు చేస్తున్నట్టు అనిపిస్తే, ‘ఇప్పుడు ఏ పశువు అరుస్తోంది?’ అని మిమ్మల్ని మీరు అడగండి. చాలాసార్లు ఏదీ అరవడం లేదని తెలుస్తుంది. ఇలా ఒకటి రెండు నెలలు ప్రయత్నించినా నిద్ర పట్టకపోవడం, గుండెదడ, కారణం లేని దిగులు ఉంటే మానసిక వైద్యులను కలవడానికి సంకోచించకండి. మొండి పట్టుదలతో అన్నీ ఓర్చుకోవడం కూడా ఊరు నేర్పిన అలవాటే, అన్నిచోట్లా అది పనికి రాదు.

ఇప్పుడు మీ అబ్బాయి. వాడికి రానిది ముడి అని మీరు అనుకుంటున్నారు. ముడి ఒక సాయంత్రంలో వస్తుంది. వాడికి ఇంతవరకు దొరకనిది ఏమిటంటే, తాను చేయకపోతే నిజంగా ఆగిపోయే పని. 1950ల మధ్యలో మొదలైన ఒక పెద్ద అధ్యయనంలో బియాట్రిస్ వైటింగ్, జాన్ వైటింగ్ దంపతుల బృందం ఆరు వేర్వేరు సమాజాల్లో 3 నుంచి 11 ఏళ్ల పిల్లలను వారి ఇళ్ల దగ్గరే గమనించింది. తల్లికి పని భారం ఎక్కువై, ఇల్లు గడవడానికి పిల్లల సాయం నిజంగా అవసరమైన చోట్ల పిల్లలు ఇతరులకు సాయం చేయడంలో, బాధ్యత తీసుకోవడంలో ముందున్నారు. అలాంటి అవసరం లేని చోట్ల పిల్లలు సాయం కోసం, తమను గమనించడం కోసం ఎక్కువగా అడిగారు. తేడా ఆ పిల్లల గుణంలో కంటే, తమ అవసరం ఇంటికి ఉందని వారికి తెలియడంలో ఉంది.

దీనికి పొలం అక్కర్లేదు, కాబట్టి అమ్మేసిన భూమి గురించి ఈ విషయంలో బాధపడకండి. అమెరికాలోని బోస్టన్ నగరంలో పేద వాడల్లో పెరిగిన 456 మంది అబ్బాయిలను కౌమారం నుంచి నడివయసు దాకా గమనించి, జార్జ్ వేలంట్ బృందం 1981లో ఫలితాలు ప్రచురించింది. చిన్నప్పుడు ఇంటి పనో, చిన్నపాటి ఉద్యోగమో, బడి కార్యక్రమాలో పూనుకుని చేసినవారికి, 47 ఏళ్ల వయసులో నిలకడైన ఉద్యోగంతో, ఆత్మీయ సంబంధాలతో బలమైన ముడి కనిపించింది. వారిలో ఎవరూ దూడను కట్టినవారు కారు.

ఎలా ఇవ్వాలి అంటే, పనుల జాబితా రాసి గోడకు అంటించకండి. ఒక్క పని ఇవ్వండి, పూర్తిగా ఇవ్వండి. వారంలో ఒక పూట ఇంటిల్లిపాదికీ వంట వాడిదనుకోండి. ఏమి వండాలో, ఏమి కొనాలో, ఎప్పుడు మొదలుపెట్టాలో వాడే చూసుకోవాలి. నిప్పు దగ్గరా కత్తి దగ్గరా మొదటి రోజుల్లో మీరు పక్కన ఉండండి, అంతకుమించి జోక్యం వద్దు. ఆలస్యమైతే అందరూ ఆకలితో కూర్చోవాలి, మాడితే మాడిందే తినాలి. ఇక్కడే మీకు కష్టం. వాడు కూరగాయ తరుగుతున్న తీరు చూస్తే మీ చేతులు ఆగవు, నాకు తెలుసు. కాని మీరు కత్తి తీసుకున్న క్షణాన ఆ పని వాడిది కాకుండా పోతుంది, వాడు మళ్లీ మీ సహాయకుడైపోతాడు. మా తాత చేసిన మంచి పని నాకు ముడి నేర్పడం కాదు, నాలుగోసారి తాను వేయకుండా ఆగడం.

వాడికి సైకిలు ఉంటే దాని మంచిచెడ్డలు కూడా వాడికే వదలండి. గొలుసు ఊడితే చేతికి నల్లగా మడ్డి అంటుకుంటుంది, అంటుకోనివ్వండి. కుండీల్లో నాలుగు మొక్కలు ఇచ్చి, అవి ఎండిపోతే ఎండనివ్వండి, మీరు దొంగచాటుగా నీళ్లు పోయకండి. ప్రాణమున్న జంతువును మాత్రం పిల్లవాడికి పాఠం చెప్పడానికి తెచ్చిపెట్టవద్దు. వాడి మరుపుకు అది ఆకలితో ఉండకూడదు. కొట్టంలో మీరు మరిచిపోతే చూసుకోవడానికి ఇంకా నలుగురు ఉండేవారు, మీ ఇంట్లో ఉండరు.

డబ్బు ఇవ్వకండి. ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ టొమసెల్లో 2008లో ఇరవై నెలల పసిపిల్లలతో ఒక ప్రయోగం చేశారు. ఎవరో చేతి నుంచి జారవిడిచిన వస్తువును అందించే పిల్లల్లో కొందరికి వారు బహుమతి ఇచ్చారు. బహుమతి అలవాటైన పిల్లలు, అది ఆగిపోయాక, ఏమీ అందుకోని పిల్లలకంటే తక్కువగా సాయం చేశారు. నోటి మెచ్చుకోలు మాత్రమే అందుకున్న పిల్లల్లో ఆ తగ్గుదల లేదు. పన్నెండేళ్లవాడు పసివాడు కాడు, నిజమే. కాని ఇంటి పనికి ధర కడితే, ఆ ధర నచ్చని రోజున వద్దనే హక్కు కూడా వాడికి వస్తుందని నా అనుభవం.

ఇంకొకటి. మీరు నేర్చుకున్న తీరు గుర్తు చేసుకోండి. ఎవరూ మీకు పాలు పితకడం మీద ఉపన్యాసం ఇచ్చి ఉండరు, పక్కన కూర్చుని చూశారు. మారిసెలా కొరియా-చావెజ్, బార్బరా రోగాఫ్ అనే పరిశోధకులు 2009లో ప్రచురించిన ఒక పరిశీలనలో, పక్క పిల్లవాడికి బొమ్మ తయారీ నేర్పుతుండగా తన వంతు కోసం కూర్చున్న గ్వాటెమాలా దేశపు మాయా తెగ పిల్లలు, అమెరికాలోని మధ్యతరగతి కుటుంబాల పిల్లలకంటే శ్రద్ధగా చూశారు. వారం తరువాత తమ చేతికి అదే పని వచ్చినప్పుడు వారికి సాయం తక్కువ అవసరమైంది. మీ అబ్బాయి ఎప్పుడూ చూసి ఉండడు, ఎందుకంటే మీరు ఇంట్లో వస్తువు బాగుచేసేది బహుశా వాడు నిద్రపోయాకో, వాణ్ని పక్కకు పొమ్మన్నాకో. ఇకనుంచి ఏదైనా విప్పేటప్పుడు వాణ్ని పిలవకండి, నేర్పకండి, వాడు కూర్చునే గదిలోనే కూర్చుని విప్పండి. మరలు ఏ వరుసలో తీశారో ఆ వరుసలో ఒక గుడ్డ మీద పేర్చండి. మొదటి నాలుగుసార్లు వాడు తల ఎత్తకపోయినా, అయిదోసారి ఒక మర కింద దొర్లినప్పుడు వెతకడానికి వంగుతాడు.

మీ వారిని కూడా ఇందులోకి రానివ్వండి. పట్టణంలో పెరిగిన ఆయన చేతులకు కూడా ఏదో ఒకటి తెలిసి ఉంటుంది, మీరు అడిగి ఉండరు. అరిచిన రోజుల గురించి వాడికి క్షమాపణ చెప్పండి, చెప్పేటప్పుడు మీ చిన్నతనపు కష్టాలను మాత్రం కారణంగా చూపకండి, అది వాడికి అప్పులా వినబడుతుంది. ఆ కథలు వేరే రోజున, వాడు అడిగితే, ఆటలతో సహా చెప్పండి. ఆటలు లేకపోతే లేవనే చెప్పండి.

తాడు విషయంలో నేను మీ ఇద్దరితోనూ ఏకీభవించను. పారేయవద్దు, గోడకూ తగిలించవద్దు. ముడి వేయడం నేర్చుకోవడానికి కొత్త నైలాన్ తాడు కంటే పాత తాడు నయం, అది జారదు, చేతికి మెత్తగా ఒదుగుతుంది, వేసిన ముడి విప్పడం కూడా తేలిక. వాడికి అందేచోట ఒక మేకుకు వేలాడదీసి ఉంచండి. అయితే నారతో పేనిన తాడుకు ఇన్నేళ్లలో పీచు బలం పోయి ఉంటుంది, పైకి గట్టిగానే కనిపిస్తుంది. ముళ్లు నేర్చుకోవడానికి పర్వాలేదు గాని, దానితో బరువు వేలాడదీసేటట్టయితే మాత్రం ముందు ఇద్దరూ చెరో కొస పట్టుకుని ఒకసారి గట్టిగా లాగి చూడండి.